మామిడి గుత్తి: తిరుపతి నుంచి ఒక బబుల్ షూటర్‌ని ప్లే స్టోర్ దాకా చేర్చడం, నా అనుభవం

సంక్రాంతి అయ్యాక, 2025 జనవరి చివర్లో మొదలుపెట్టిన ఆట సెప్టెంబరు 3న ప్లే స్టోర్‌లో కనిపించింది. పేరు ‘మామిడి గుత్తి’. కింద నుంచి గురి చూసి కొడితే, ఒకే రకానివి మూడు కలిసి పేలిపోయే బబుల్ షూటర్. కోడ్ నాది, బొమ్మలు మా తమ్ముడివి. 1994లో తైతో కంపెనీ ‘పజిల్ బాబుల్’ని ఆర్కేడ్ మిషన్లలోకి తెచ్చినప్పటి నుంచి ఈ తరహా ఆటలు వస్తూనే ఉన్నాయి. స్టోర్‌లో ఆ పేరు కొట్టి వెతికితే జాబితాకి అంతుండదు. అంత రద్దీలోకి ఇద్దరు మనుషులు దిగితే ఎక్కడెక్కడ ఆగాల్సి వస్తుందో, ఎంత ఖర్చవుతుందో జరిగిన వరసలో రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది తేడా ఏంటనేది. కొత్త బొమ్మలు పెడితే తేడా అయిపోదు, ఆడేవాళ్లు మొదటి పది సెకన్లలోనే ఇది పాత ఆటేనని పసిగట్టేస్తారు. మేం మార్చింది ఒక్క నియమం: పేలిన కాయకి మార్కుల్లేవు, తొడిమె తెగి కింద గంపలో పడిన కాయకే మార్కు. ఈ ఒక్క మార్పుతో ఆట తీరే మారిపోయింది. మామూలు బబుల్ షూటర్‌లో దగ్గర్లో ఉన్నవాటిని పేల్చుకుంటూ పోతారు. ఇక్కడ గుత్తి మొత్తం ఏ కాయ మీద వేలాడుతోందో చూసి, గోడకి కొట్టి పైకి పంపాలి. గురి విలువ పెరిగింది. గురి విలువ పెరిగిందంటే గురిలో చిన్న తప్పున్నా జనం క్షమించరు. ఆ తర్వాత నెలలు తిన్న పనంతా ఇక్కడి నుంచే పుట్టింది.

చిత్తూరు జిల్లా అంటే మామిడి కాబట్టి తోతాపురి, బేనీషా, నీలం, మల్లిక, సింధూర అని ఐదు రకాలు అనుకున్నాం. కాగితం మీద అందంగా ఉంది, 64 పిక్సెళ్ల గుండ్రంలోకి కుదించేసరికి సింధూర తప్ప అన్నీ పసుపే. ఎండలో బస్టాండు దగ్గర ఫోన్ పట్టుకుంటే నీలానికీ బేనీషాకీ తేడా తెలీదు. అందుకని ప్రతి రకానికీ వెనకాల ఒక ముదురు రంగు బిళ్ల, పైన వేరే ఆకారం పెట్టాం: తోతాపురికి వంకర ముక్కు, నీలానికి చిన్న గుండ్రం, మల్లికకి పొడుగు, సింధూరకి ఎర్రటి బుగ్గ, బేనీషాకి వెడల్పాటి కోడిగుడ్డు ఆకారం. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేనివాళ్లకి ఆకారమే ఆధారం. తోతాపురి ముక్కు మాత్రం గుండ్రం దాటి పక్క కాయ మీదకి వస్తుంటే కొంచెం కత్తిరించాల్సి వచ్చింది. తమ్ముడికి అది నచ్చలేదు. కానీ తగిలేది గుండ్రం, కనపడేది ముక్కు అయితే ఆడేవాళ్లకి ఆట మోసం చేసినట్టే ఉంటుంది.

ఇంజిన్ (ఆటని తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎంచుకోవడంలో మమ్మల్ని నడిపించింది తెలుగు అక్షరం. ముందు చూసిన ఇంజిన్‌లో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటివి విడివిడి ముక్కలైపోయాయి. ఒత్తులు కిందికి రాక పక్కన నిలబడ్డాయి. గోడో 4 అనే ఇంజిన్‌లో అక్షరాల్ని కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే కోడ్ లైబ్రరీ చేస్తుంది కాబట్టి ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయి. లైసెన్సు ఖర్చు కూడా లేదు. ఫాంట్లు మండలి, రామభద్ర, రెండూ ఉచితమే. ఒక జాగ్రత్త మాత్రం కావాలి: ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే బటన్ ఎత్తు తెలుగుకి చాలదు, ఒత్తుల అడుగు తెగిపోతుంది. అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు వరస ఎత్తు ఇవ్వండి. ‘గుత్తి’ అన్న మాటనే కొలతగా పెట్టుకుని అన్ని బటన్లూ సరిచూశాం.

ఇక అసలు ఆట. తెర వెడల్పు 720 యూనిట్లనుకుంటే, 64 యూనిట్ల కాయలు ఒక వరసలో 11, తర్వాతి వరసలో 10. సరి వరస నేరుగా ఉంటుంది, బేసి వరస 32 జరుగుతుంది. వరసల మధ్య దూరం 64 కాదు, 64ని 0.866తో గుణించాలి, అంటే దాదాపు 55. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. చిక్కంతా కాయ కదలడం మొదలయ్యాకే.

వేగం సెకనుకి 1800 యూనిట్లు పెట్టాం. ఫోన్ సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు చూపిస్తే ఫ్రేముకి 30 యూనిట్లు కదులుతుంది. చవక ఫోన్ వేడెక్కి 30 ఫ్రేములకి పడిపోతే ఒక్క అంగలో 60. అంటే దాదాపు ఒక కాయంత దూరం ఎగిరి దూకుతుంది. ఎదురుగా తగిలేటప్పుడు లోపలికి చొచ్చుకుపోతుంది, అంచున రాసుకుపోవాల్సినప్పుడు అసలు తగలకుండానే దాటేస్తుంది. పెద్ద ఫోన్‌లో బాగా ఆడిన ఆట చిన్న ఫోన్‌లో పిచ్చిగా కనపడేది ఇందుకే. మందు ఒకటే: కదలికని చిన్న అంగలుగా విడగొట్టడం. అంగ 8 యూనిట్లు మించకూడదు, ప్రతి అంగకీ తగిలిందో లేదో చూడాలి. ఫ్రేములు ఎన్ని ఉన్నా ఫలితం ఒకేలా వస్తుంది.

తగలడాన్ని కొలిచే దూరం కూడా కాయ వ్యాసమంత పెడితే ఇరుకు సందుల్లోంచి కాయ దూరదు. కంటికి సందు కనపడుతుంటుంది, కాయేమో బయటే అతుక్కుంటుంది. తొలి రోజుల్లో ఆడి చూసిన కుర్రాడొకడు అన్నాడు: “అన్నా, గీత లోపలి దాకా పోతాంది గదా, కాయెందుకు ఆడే నిలబడిపాయ?” వాడన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రెండు కేంద్రాల మధ్య దూరం వ్యాసంలో 82 శాతానికి తగ్గాక తగిలినట్టు లెక్కేశాక ఆ ఫిర్యాదు పోయింది. 75కి దించితే కాయలు ఒకదాని మీదొకటి ఎక్కి కనపడతాయి. గురి గీత గీసే కోడూ, కాయని కదిపే కోడూ ఒకే ఫంక్షన్ అయి ఉండాలి. రెండు వేర్వేరుగా రాస్తే గోడకి కొట్టి తిరిగొచ్చాక కొద్ది యూనిట్ల తేడా వస్తుంది, ఈ ఆటలో ఆ కాస్త తేడాతో గుత్తి తప్పిపోతుంది.

తగిలాక కాయ ఏ గదిలో, అంటే వరసల్లోని ఏ ఖాళీ చోటులో కూర్చోవాలి? మొత్తం పటంలో దగ్గరి ఖాళీ గది వెతికితే ఒక్కోసారి దేనికీ అంటుకోని గది దొరికి, కాయ గాలిలో నిలబడుతుంది. తగిలిన కాయ చుట్టూ ఉన్న ఆరు గదుల్లో ఖాళీవి మాత్రమే చూసి, వాటిలో దగ్గరిది తీసుకోవాలి.

అన్నిటికన్నా మొండి దోషం కొమ్మ కిందికి దిగేటప్పుడు వచ్చింది. కొన్ని షాట్లు వృథా అయితే పైన కొత్త వరస చేరి అన్నీ ఒక మెట్టు దిగుతాయి. సరి వరస కాస్తా బేసి వరస అవుతుంది. ప్రోగ్రాం వరస సంఖ్యని చూసి 32 జరుపుతుంది కాబట్టి తెర మీద కాయలన్నీ ఒక్కసారి అర కాయ పక్కకి గెంతుతాయి. కంటికి అది చిన్న వణుకులా ఉంటుంది. అసలు నష్టం లోపల జరుగుతుంది: పొరుగు గదుల లెక్క మారిపోయి, అంటుకుని ఉన్న కాయలు విడిపోయినట్టు, విడిగా ఉన్నవి అంటుకున్నట్టు లెక్క వస్తుంది, ముట్టని గుత్తి రాలిపోతుంది. కొత్త వరస చేరిన ప్రతిసారీ తిరగబడే ఒక గుర్తు పెట్టుకుని, వరస సంఖ్యకి దాన్ని కలిపి సరి బేసి తేల్చాలి. ఆట మధ్యలో ఆపి దాచేటప్పుడు ఆ గుర్తుని కూడా దాచాలి. లేదంటే ఫోన్ వచ్చి ఆట ఆగి, తిరిగి తెరిచినప్పుడు అదే దోషం మళ్లీ పుడుతుంది.

రాలడం లెక్క సులువే. పై వరస నుంచి మొదలుపెట్టి ఒకదానికొకటి అంటుకున్న కాయలన్నిటినీ చుట్టి రావాలి, చేరలేని కాయలన్నీ తొడిమె తెగినవే.

తర్వాతి కాయ ఏ రకమో యాదృచ్ఛికంగా ఇస్తే చివర్లో ఒక్క నీలం మిగిలి, నీలం తప్ప అన్నీ వస్తుంటాయి. చెట్టు మీద మిగిలిన రకాల్లోంచే ఇవ్వాలి. పక్కన వేచి ఉన్న కాయ రకం చెట్టు మీద అయిపోతే దాన్నీ మార్చాలి. మార్చడం చూసేవాళ్లకి తెలిసేలా చిన్న తిప్పుడు పెట్టండి, లేదంటే తమని మోసం చేశారనుకుంటారు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా లెవెళ్లు. మొత్తం 120. చేత్తో ఆడి 120కీ కష్టం తూచడం ఇద్దరి వల్ల కాదు. అందుకని మనిషికి బదులు తానే ఆడే ప్రోగ్రాం, ఒక బాట్ రాశాం. 10 డిగ్రీల నుంచి 170 దాకా రెండేసి డిగ్రీలకి ఒక గురి, అంటే 81 గురులు. దేనికి ఎక్కువ కాయలు రాలితే దాన్ని ఎంచుకుంటుంది. మనిషి చెయ్యి వణుకుతుంది కాబట్టి ఎంచుకున్న గురికి అటూ ఇటూ 2 డిగ్రీల తప్పు కలిపాం. ఒక్కో లెవెల్ 500 సార్లు ఆడించి, గెలవడానికి పట్టిన షాట్లలో నడిమి సంఖ్యకి మొదటి 20 లెవెళ్లలో సగం అదనం, తర్వాత ఐదో వంతు అదనం ఇచ్చాం. బాట్ సులువన్న లెవెల్ మనుషులకి కష్టమైతే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: దారి రెండు గోడలకి కొట్టే షాట్‌లో ఉంటుంది. మా గురి గీత ఒక్క గోడ దాకే చూపిస్తుంది, బాట్‌కి ఆ గీత అక్కర్లేదు. అలాంటి లెవెళ్లని 60 తర్వాతకి జరిపాం.

ఆడుతుంటే చేతికి హాయిగా అనిపించడం గురించి ఒక్క మాట. మూడు కాయలూ ఒకేసారి పేలితే చప్పగా ఉంటుంది. తగిలిన చోటి నుంచి దూరాన్ని బట్టి 40 మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి పేలాలి, చప్పుడు స్థాయి కొంచెం కొంచెం పెరగాలి. గుత్తి పెద్దదైతే చవక ఫోన్లలో చప్పుళ్లు గీరుకుపోతాయి, ఒకేసారి ఆరుకి మించి మోగనివ్వకండి. పాత 2 జీబీ ఫోన్ ఒకటి 3,000 రూపాయలకి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఈ మొత్తం పనిలో అంతకన్నా విలువైన ఖర్చు లేదు.

ఆ ఫోన్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. పక్కకి గురి పెట్టాలని వేలు తెర అంచు నుంచి లాగితే ఆండ్రాయిడ్ దాన్ని ‘వెనక్కి’ అనుకుంటుంది, ఆట మూసుకుపోతుంది. అంచు దగ్గర మొదలైన గురిని లెక్కలోకి తీసుకోకుండా చేసి, ‘వెనక్కి’ వస్తే బయటికి పోకుండా ఆట ఆగేలా మార్చాం.

జులై 10న, ప్లే స్టోర్‌లో ఆట పెట్టడానికి గూగుల్ దగ్గర డెవలపర్ ఖాతా తెరిచాం. ఫీజు 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. బ్యాంకు చార్జీలతో దాదాపు 2,200 రూపాయలు పడింది. కార్డుకి విదేశీ లావాదేవీలు తెరిచి ఉండాలి, బ్యాంకు యాప్‌లో ముందే చూసుకోండి. గుర్తింపు కార్డు, చిరునామా తనిఖీ అవుతాయి. కార్డు మీది పేరుకీ ఖాతాలో రాసిన పేరుకీ ఇంటి పేరు దగ్గర తేడా ఉండకూడదు. మనకి ఒక కార్డులో ఇంటి పేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. చేతిలో నిజమైన ఆండ్రాయిడ్ ఫోన్ ఉందని, డెవలపర్ల కోసం గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్ యాప్ ద్వారా నిరూపించాలి. ఆటలో ఏదైనా అమ్మితే వ్యక్తిగత ఖాతాదారు పూర్తి చిరునామా స్టోర్ పేజీలో అందరికీ కనపడుతుంది. ఇంటి చిరునామా అలా పెట్టడం ఇష్టంలేక మేం అమ్మకాలు వదిలేసి ప్రకటనలతో సరిపెట్టుకున్నాం.

తర్వాత టెస్టర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి, ఆటని అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే మనం పిలిచినవాళ్లతో మాత్రమే ఆడించి చూడడం తప్పనిసరి. మొదట 20 మంది ఉండాలనేవారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. ఆ 12 మంది 14 రోజులు వరసగా చేరి ఉండాలి. ఒకరు మధ్యలో బయటికి పోయి సంఖ్య 11కి పడితే వరస తెగినట్టే. అందుకని 12 మందితో మొదలుపెట్టొద్దు, 20 మందిని చేర్చుకోండి.

మాకు యూనివర్సిటీ దగ్గర హాస్టల్ కుర్రాళ్లు, మా వీధిలోని ఇద్దరు అక్కలు, ఫోన్లు బాగుచేసే షాపతను చేరారు. ఐఫోన్ ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. ఒక్కొక్కరి మెయిల్ అడిగితే కాలేజీ మెయిల్ ఇస్తారు, ప్లే స్టోర్‌లో ఉన్నదేమో వేరేది, లింకు తెరిస్తే ‘దొరకలేదు’ అని వస్తుంది. ప్లే స్టోర్ తెరిపించి, పైన మూల ఉన్న బొమ్మ నొక్కించి, అక్కడ కనపడే మెయిల్ రాసుకోవడమే పద్ధతి. “ఇది డబ్బులొచ్చే ఆటేనా అన్నా?” అని అడగనివాళ్లు తక్కువ. 2025 ఆగస్టు 22న ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆటల్ని అది నిషేధించింది. మా ఆటలో పందెం లేదు, గంపలో పడిన కాయల్ని డబ్బుగా మార్చుకునే వీలూ లేదు. ఆ మాట స్టోర్ వివరణలో మొదటి వరసల్లోనే రాశాం.

ఆగస్టు 4న టెస్ట్ బిల్డ్ (ఫోన్‌లో ఎక్కించే ఆట ఫైలు) పంపితే, అది కూడా పరిశీలన అయ్యాక 7న లింకు తెరుచుకుంది. 9న పన్నెండో మనిషి చేరాడు, లెక్క అక్కడి నుంచి మొదలు. ఈ 14 రోజులూ ఊరికే గడపకూడదు. చివర్లో దరఖాస్తులో టెస్టర్లని ఎలా తెచ్చారు, వాళ్లేం చెప్పారు, దాన్ని బట్టి ఏం మార్చారు అని అడుగుతారు. ఎవరే రోజు ఏమన్నారో ఒక నోటుపుస్తకంలో రాశాం. వాళ్ల మాటల మీదే రెండుసార్లు కొత్త బిల్డ్ పెట్టాం. ఒకటి 17వ లెవెల్ గురించి. రెండోది మా వీధి అక్క చెప్పింది: “అచ్చరాలు బాగున్నాయి గానీ నాయనా, కాయ కొట్టబోతే నా వేలే అడ్డమొస్తాంది.” అప్పుడు గురి పెట్టే చోటుని కాయ మీద నుంచి తీసి, తెర కింది సగంలో ఎక్కడ వేలు పెట్టి లాగినా గురి తిరిగేలా మార్చాం. ఆట మొత్తానికి దక్కిన అతి పెద్ద మెరుగు అదే.

ఆగస్టు 24న, ఆటని అందరికీ విడుదల చేసే అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం. మామూలుగా ఏడు రోజుల్లోపు జవాబొస్తుంది. ఆ రోజుల్లో మెయిల్ శబ్దం వినపడితే గుండె ఒక్కసారి ఆగేది, వచ్చింది కరెంటు బిల్లు మెసేజ్ అయినా సరే. 29న అనుమతి వచ్చింది.

వెంటనే ఇంకో గడువు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త ఆటలు ఆండ్రాయిడ్ 15 లక్ష్యంగా ఉండాలన్నారు, డెవలపర్ల లెక్కలో దాని సంఖ్య ఏపీఐ 35. టెస్టింగ్‌లో ఆడింది 34. లక్ష్యం మారిస్తే ఆట తెర మొత్తం, పై పట్టీ కిందికీ అడుగు పట్టీ కిందికీ పరుచుకుంటుంది. గంప మీది బటన్, తెర అడుగున వేలితో జరిపే జెస్చర్ గీత వెనక్కి పోయింది. పట్టీలు అడ్డురాని సురక్షిత ప్రాంతం కొలతలు ఫోన్‌ని కోడ్‌తో అడిగి బటన్లని పైకి జరిపాక సెప్టెంబరు 1న పంపాం, 3న స్టోర్‌లోకి వచ్చింది.

స్టోర్ పేజీకి కావాల్సినవి: 512×512 ఐకాన్, 1024×500 బొమ్మ, కనీసం రెండు స్క్రీన్‌షాట్లు. పేరుకి 30 అక్షరాల పరిమితి. ‘మామిడి గుత్తి’ కంటికి ఐదక్షరాలు, లెక్కలో 13. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, దేనికదే లెక్క. చిన్న వివరణకి 80 మాత్రమే, తెలుగులో ఒక వాక్యానికి మించి పట్టదు. ఎవరి కోసం ఈ ఆట అన్న ప్రశ్న దగ్గర నిదానించండి. 13 ఏళ్లలోపు అని టిక్కు పెడితే పిల్లల ఆటలకి గూగుల్ పెట్టిన కుటుంబ విధానం మొత్తం వర్తిస్తుంది, ప్రకటనల మీద నిబంధనలు మారతాయి.

ప్రకటనలు మొదటి పది లెవెళ్లలో పెట్టలేదు. షాట్లు అయిపోతే ఒక ప్రకటన చూసి ఐదు కాయలు తీసుకోవచ్చు. టెస్టర్లకి ఇచ్చిన బిల్డ్‌లో పరీక్ష ప్రకటనలే ఉండాలి. అసలు ప్రకటనల మీద మనవాళ్లే నొక్కితే ఖాతాకే ముప్పు. ఆట స్టోర్‌లోకి వచ్చాక సొంత వెబ్‌సైట్‌లో యాప్-యాడ్స్ ఫైలు (మన ఆటలో ప్రకటనలు ఎవరు అమ్మొచ్చో చెప్పే జాబితా) పెట్టి, అది తనిఖీ అయ్యేదాకా ప్రకటనలు నిండుగా రావు. డొమైన్‌కి, అంటే వెబ్‌సైట్ పేరుకి ఏడాదికి 900 రూపాయలు. ఫోన్, ఖాతా ఫీజు, డొమైన్, 5,000కి చేయించుకున్న సంగీతం కలిపి 11,100 అయింది. బొమ్మలకి తమ్ముడు డబ్బు తీసుకోలేదు.

ఇంగ్లీషులో ‘బబుల్ షూటర్’ అని వెతికితే మా ఆట ఎక్కడుందో దొరకదు. తెలుగులో మామిడి ఆట అని వెతికితే పైనే ఉంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలా తెలుగులో వెతికినవాళ్లు, వాట్సాప్‌లో లింకు అందినవాళ్లు. నవంబరు 1 నుంచి అప్‌డేట్లకి 16 కేబీ మెమరీ పేజీల నిబంధన వచ్చింది, అంటే మెమరీని 16 కేబీ ముక్కలుగా వాడే ఫోన్లలోనూ ఆట నడవాలి. ఇంజిన్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి బిల్డ్ చేస్తే సరిపోయింది, ఒక్క పూట పని.

ప్రకటనల సంపాదన 10 డాలర్లు దాటాక చిరునామా తనిఖీకి పిన్ ఉన్న ఉత్తరం పోస్టులో వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు. డోర్ నంబరు, వీధి పేరుతో పాటు దగ్గరి గుర్తు కూడా రాయండి, పోస్ట్‌మ్యాన్‌తో ముందే చెప్పి ఉంచండి. చెల్లింపు 100 డాలర్లు చేరాకే. బ్యాంకు వివరాల్లో స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకుని గుర్తించే కోడ్) అడుగుతారు. చిన్న బ్రాంచిలకి చాలావరకు సొంతంగా ఉండదు. విదేశీ లావాదేవీలు చూసే పెద్ద బ్రాంచి కోడ్ ఏదో మీ మేనేజర్‌ని అడిగి, కాగితం మీద రాయించుకుని తెచ్చుకోండి.